టువిక్స్ కథ: ఒక ధర్మసందేహ విచారము

కథ ముగిసినను ప్రశ్న ముగియని రచనలు కొన్ని కలవు. బేతాళుఁడు విక్రమార్కునకుఁ జెప్పిన కథలు ఇట్టివి. కథనంతయుఁ జెప్పి, తుద నొక ప్రశ్నను నిలిపి, ఎఱిఁగియుఁ జెప్పకుండుట తగదని రాజును నిర్బంధించుటయే వాని ప్రయోజనము. అమెరికాదేశమున టెలివిజన్ ప్రదర్శనముగా 1996వ సంవత్సరము మే నెల 6వ తేదిని వెలువడిన "టువిక్స్" అను కథయు నిట్టిదే. సుమారు ముప్పాతిక గంటలో ముగియు నీ చిన్న నాటకమును గూర్చి, చూచినవారు నాఁటినుండియు రెండు పక్షములై వాదించుచునే యున్నారు. ఒక పక్షమువారు కథానాయికను హంతకి యందురు. రెండవ పక్షమువారు ఇరువురి ప్రాణములను మరల నిలిపిన ధర్మజ్ఞురా లందురు. ఇది వట్టి వినోదమని త్రోసివేయఁదగిన వాదము కాదు. వ్యక్తి యననేమి, అనుమతి లేని త్యాగము త్యాగమగునా, ఎదుట లేనివారి పక్షమున నెవ్వరు పలుకవలెను అను ప్రశ్నలు మన శాస్త్రములకుఁ గ్రొత్తవి కావు. కావున ముందు కథాస్వరూపమును, పిదప వాదప్రతివాదములను వివరించి, తుదకు నాకు దోఁచిన విమర్శను జెప్పుదును.

కథామాలిక

విజ్ఞానశాస్త్రమున నేఁటికి సాధ్యము కానిదానిని సాధ్యమైనట్లు భావించి, అందుండి పుట్టు మానుషవృత్తాంతమును బ్రదర్శించుట విజ్ఞానకల్పనాకథల రీతి. అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది 1966లో జీన్ రాడెన్‌బెరీ యారంభించిన "స్టార్ ట్రెక్". ఆ మూలమునుండి వెలసిన శాఖలలో నొకటి "వాయేజర్". ఇది 1995 మొదలు 2001 వఱకు ఏడు మండలములుగా, మొత్తము 172 ప్రకరణములతో నడచినది. వాయేజర్ అను నౌక దైవవశమున భూమికి డెబ్బది వేల కాంతిసంవత్సరముల దూరమునకుఁ గొనిపోఁబడినది. తిరిగి వచ్చుటకు డెబ్బదియైదు సంవత్సరములు పట్టునని లెక్క. ఈ యేర్పాటు మన విచారమునకు ముఖ్యము. ఆ నౌకకు సమీపమున స్వదేశపు న్యాయస్థానము లేదు, పై యధికారి లేఁడు. నౌకాధిపతియైన కెప్టెన్ కాథరిన్ జేన్‌వే యే యాజ్ఞ యిచ్చిన నదియే తీర్పు. రాజును, ధర్మాధికారియు, కుటుంబపు పెద్దయు నామె యొక్కతెయే.

కథాసంగ్రహము

టువోక్ అను నతఁడు నౌకయందు రక్షణాధికారి. రాగద్వేషముల నణఁచి తర్కమునే శరణముగాఁ గొన్న వల్కన్ జాతివాఁడు. స్వదేశమున నతనికి భార్యాపుత్రులు కలరు. నీలిక్స్ త్రోవలో నౌకను జేరిన పరదేశి. పాకశాల నడపువాఁడు, మాటకారి, స్నేహశీలి. కెస్ అను యువతి యతనికిఁ బ్రియురాలు, టువోక్‌కు శిష్యురాలు. ఒకరికొకరు పొసఁగని యీ పురుషు లిరువురును ఒక గ్రహమున కేఁగి పుష్పజాతుల మచ్చులను సేకరించిరి. దేహమును సూక్ష్మకణములుగా విడఁదీసి వేఱొకచోట మరలఁ గూర్చు ట్రాన్స్‌పోర్టర్ యంత్రము వారిని నౌకకు రప్పింపఁగా, ఇరువురకు మాఱుగా నొక్కఁడే వచ్చెను. ఆ పూవులయందలి యొక ద్రవ్యము భిన్నజీవులను ఏకముచేయు స్వభావము గలదని పరీక్షలవలనఁ దేలినది.

వచ్చినవాఁడు ఇరువుర జ్ఞాపకములును గలవాఁడు. అయినను తాను టువోక్‌నని గాని నీలిక్స్‌నని గాని యనలేదు. టువిక్స్ అను పేరు పెట్టుకొనెను. టువోక్ పదవిని నిర్వహించెను, నీలిక్స్ పాకశాలను నడపెను. రెండింటను నిపుణుఁడనియే యనిపించుకొనెను. నౌకాజనము క్రమముగా వానిని దమలో నొకనిగాఁ జేర్చుకొనిరి. కెస్ మాత్ర మీ వింతకు మనసు పట్టలేక దూరముగా మెలఁగెను.

కొంతకాలమునకు నౌకావైద్యుఁడు ఇరువురను విడఁదీయు నుపాయమును గనుఁగొనెను. అందఱును సంతోషించిరి. టువిక్స్ మాత్రము సంతోషింపలేదు. "నాకు జీవింపవలెనని యున్నది" యనెను. తన పక్షమునఁ జెప్పుమని కెస్ నర్థించెను. ఆమె కెప్టెన్ కడకుఁ బోయి, యిది న్యాయము కాదని యెఱిఁగియు, నీలిక్స్ తిరిగి రావలెనని కన్నీరు విడిచెను. జేన్‌వే నిశ్చయించెను. ఎదుట లేని యిరువుర పక్షమునఁ దానే పలుకవలసియున్నదనియు, వారు జీవింపఁగోరుదురనియు నామె చెప్పిన హేతువు. టువిక్స్ నౌకాజనులను బేరుపేరున వేడెను. ఒక్కరును నోరు విప్పలేదు. చికిత్సాశాలలో వైద్యుఁడు మాత్రము, రోగికి హాని చేయరాదను నియమము గల తాను, సమ్మతింపనివాని ప్రాణము తీయనని నిరాకరించెను. జేన్‌వే స్వహస్తములతో నా పనిని జేసెను. టువోక్, నీలిక్స్ లేచి నిలిచిరి. ఆమె వారిని బలుకరించి వెలుపలికి నడచెను. ఆ నడవలో నామె ముఖమును జూపుటతో కథ సమాప్తము. సమర్థనము లేదు, పశ్చాత్తాపవాక్యము లేదు.

పూర్వపక్షము

జేన్‌వేను దూషించువారి హేతువులు నాలుగు విధములు. మొదటిది, టువిక్స్ స్వతంత్రవ్యక్తి. పేరు, స్మృతి, ఇచ్ఛ, కర్తవ్యనిర్వాహము, మరణభయము అన్నియు వానికిఁ గలవు. వ్యక్తి యనుటకు ఇంతకంటె లక్షణము వేఱేమి కావలెను? రెండవది, వాఁడు నిరపరాధి. యంత్రదోషమువలనఁ బుట్టెనే కాని యెవ్వరిని దాఁ జంపి పుట్టలేదు. మూఁడవది, యాదృచ్ఛికమైన నాశమునకును బుద్ధిపూర్వకమైన వధకును భేదము కలదు. ఇరువురు పోవుట దైవకృతము. ఒక్కఁడు పోవుట మనుష్యకృతము. నాలుగవది, సంఖ్యను బట్టి ధర్మమును నిర్ణయింపరాదు. ఒక్కని యవయవములను గొని పలువుర బ్రదికింపవచ్చు నన్నను, ఆ యొక్కనిని గోయుటకు నే వైద్యుఁడు నొప్పుకొనఁడు. పాశ్చాత్యనీతిశాస్త్రమున ఫిలిప్పా ఫుట్ 1967లోను, తరువాత జూడిత్ జార్విస్ థామ్సన్‌యు విచారించిన ప్రశ్న లీ తెగకుఁ జెందినవే. పూర్వపక్షులు వానిని దఱచుగా నుదాహరింతురు.

ఉత్తరపక్షము

రెండవ పక్షమువారి సమాధానములును బలహీనములు కావు. టువోక్, నీలిక్స్‌లు చనిపోయిరని యెట్లు చెప్పఁగలరని వారి ప్రశ్న. మరల లేచి నిలువఁగలవాఁడు మృతుఁడు కాఁడు. నీట మునిఁగినవానివలె రక్షింపఁబడవలసినవాఁడు. చేయి యందింపఁగలిగియు నందింపనివారికి దోషము లేదా? కావున నిచట నొక్కని చంపుట యొకవైపున, ఇరువురను విడిచివేయుట రెండవవైపున నున్నవి. రెండును చేఁతలే.

మఱియొక సమాధానము నిక్షేపన్యాయమును బోలినది. టువిక్స్ దేహమును, విద్యయును, జ్ఞాపకములును, ప్రేమయును అన్నియు నితరుల సొమ్ము. నిక్షేపము నుంచుకొన్నవాఁడు స్వామి యడిగినపుడు తిరిగి యియ్యవలెను గాని, అనుభవింప మరిగితినని నిరాకరింపరాదు. దీనికిఁ బూర్వపక్షులు, నిక్షేపమును గాచువాఁడు నిక్షేపముకంటె వేఱుగా నుండును, ఇచటనో సొమ్మును దిరిగి యిచ్చుటయనఁగా నిచ్చువాఁడే లేకపోవుట యగును, కావున దృష్టాంతము విషమమని బదులు చెప్పుదురు.

మిక్కిలి సూక్ష్మమైన వాదము కాలమును బట్టినది. విడఁదీయు నుపాయము మొదటి గడియలోనే దొరకియున్నచో నెవ్వరును సందేహింపక ప్రయోగించియుందురు. కొన్నిదినముల యాలస్యమువలన నొక క్రొత్త హక్కు పుట్టునా? కథలో జేన్‌వే తానే యీ ప్రశ్నను వేసికొనును: ఏ క్షణమున నీతఁడు యంత్రప్రమాదము గాక వ్యక్తి యయ్యెను? ఆ గీఁత యెచటఁ బడినదో యెవ్వరును జూపలేరు. చూపలేకపోవుటవలన గీఁతయే లేదని కొందఱు, మొదటి క్షణమందే పడినదని కొందఱు.

అవయవావయవి విచారము

మన దర్శనముల పరిభాషలోఁ జెప్పినచో నీ వాదము కొంత తేటపడును. దారములనుండి వస్త్రము పుట్టుచున్నది. వస్త్రము దారములకంటె వేఱైన క్రొత్త ద్రవ్యమని న్యాయవైశేషికులు చెప్పుదురు, అది యారంభవాదము. కార్యము కారణమందే యవ్యక్తముగా నున్నదని, క్రొత్త దేదియుఁ బుట్టలేదని సాంఖ్యులు చెప్పుదురు; అది సత్కార్యవాదము. అవయవి యనునది వట్టి వ్యవహారమాత్రమని, రథమును విడఁదీసి చూచిన రథము కానరాదని బౌద్ధులు చెప్పుదురు.

పూర్వపక్షులు తమ కెఱుక లేకయే యారంభవాదులైరి. టువిక్స్ క్రొత్త యవయవి; దానిని జెఱుచుట నిజమైన నాశము. ఉత్తరపక్షులు సత్కార్యవాదుల వంటివారు. రూపమే మాఱినది, లోపలఁ బూర్వవ్యక్తులు చెడక యున్నారు, వారిని మరల వ్యక్తము చేయుట నాశము కాదు. అయితే వైశేషికమతమును బూర్తిగాఁ జూచినచో నొక చిక్కు కలుగును. వస్త్రము దారములకంటె వేఱైనను దారములయందే సమవాయముచే నుండును. వస్త్ర మున్నంతకాలము దారములును నున్నవి. ఆ న్యాయమున నీ యొక్క దేహమునందు ఇరువురును గలరు, మూఁడవవాఁడును గలఁడు. ఏ పక్షము గెలిచినను ఓడువాఁడు నిజముగా నుండినవాఁడే యగును. కథ బాధాకర మగుటకుఁ గారణ మిది యని నేను దలఁచుచున్నాను. ఒక పక్షము కేవలము భ్రమ యైనచోఁ జూచువారికిఁ గంట నీరు రాదు.

ఈ దృష్టాంతమునకు నొక హద్దు కలదు. వస్త్రమునకు నిచ్ఛ లేదు. విప్పవలదని యది మొఱవెట్టదు. టువిక్స్ మొఱవెట్టెను. ద్రవ్యవిచారము ఎవఁ డెవఁడో చెప్పఁగలదు కాని, ఎవని నేమి చేయఁదగునో చెప్పఁజాలదు.

ప్రాచీనకథలతో సామ్యము

తలలు మాఱిన కథ పండితు లెఱిఁగినదే. కథాసరిత్సాగరములోని బేతాళకథలలో నొక స్త్రీ, దేవికి శిరస్సు లర్పించిన భర్తయు సోదరుఁడును మరల జీవించునట్లు వరమును బొంది, తొట్రుపాటున నొకని తల నొకని మొండెమునకుఁ జేర్చెను. భర్త యెవ్వఁ డను ప్రశ్నకు, శిరస్సు సర్వాంగములలో బ్రధానము గనుక భర్త శిరస్సు గలవాఁడే భర్త యని రాజు చెప్పెను. ఈ కథను జర్మనీదేశపు రచయిత తామస్ మన్ 1940లో నవలగా విస్తరించెను. గిరీశ్ కర్నాడ్ దానినుండియే 1971లో "హయవదన" నాటకమును గన్నడమున రచించెను. టువిక్స్ కథ దీనికి దగ్గఱ చుట్టమే కాని ప్రశ్న వేఱు. అచట "వీఁ డెవ్వఁడు?" అని ప్రశ్న; ఎట్టి యుత్తరము వచ్చినను ఇరువురును బ్రదుకుదురు. ఇచట "వీఁ డుండవచ్చునా?" అని ప్రశ్న; ఉత్తరము వెలువడినంతనే యొకరు పోవలెను.

ఇందుకంటె సమీపమైనది ఐతరేయబ్రాహ్మణములోని శునశ్శేపోపాఖ్యానము. హరిశ్చంద్రుని పుత్రునకు బదులుగా బలి కావలసిన యా బాలుని యూపమునకుఁ గట్టుట కెవ్వరును ముందుకు రాలేదు. తుద కతని తండ్రి యజీగర్తుఁడు నూఱు గోవులకుఁ గట్టుటకును, మఱి నూఱు గోవులకుఁ జంపుటకును ఒప్పుకొనెను. బాలుఁడు దేవతలను స్తుతించి విముక్తుఁడయ్యెను. కట్టుటకు నిరాకరించినవారి స్థానమున నిచటి వైద్యుఁ డున్నాఁడు. ఆ వైద్యుఁడును మనుష్యుఁడు కాఁడు. యంత్రగణనచే వెలుఁగుతోఁ గల్పింపఁబడిన రూపము. తనకే వ్యక్తిత్వము కలదో లేదో యని యితరులు శంకించునట్టివాఁ డొక్కఁడే పరుని వ్యక్తిత్వమును మన్నించెను. కాని జేన్‌వే యజీగర్తుఁడు కాదు. ఆమెకు లోభము లేదు; నెచ్చెలియైన టువోక్‌పై స్నేహము కలదు, నౌకాజనులపై వాత్సల్యము కలదు. అందుచే నామె చేఁత తక్కువ భయంకర మగుట లేదు, ఎక్కువ దుఃఖకర మగుచున్నది.

ఉత్తరపక్షులు శిబిచక్రవర్తి త్యాగమును బోలిన మాట నొకదానిని జెప్పుదురు: ఇరువుర రక్షణకై తన్ను దా నర్పించుకొనుట టువిక్స్‌కు ధర్మము గదా యని. శిబి కోసి యిచ్చినది తన మాంసము. పావురమునకై పొరుగువాని తొడ కోసియున్నచో నాతని పేరు నేఁడు వేఱుగాఁ దలఁపఁబడియుండును. కులముకొఱ కొకనిని విడువవచ్చునను నీతివాక్యమును విదురుఁడు చెప్పినది దుర్యోధనుని గూర్చి, అనఁగాఁ గులమునకుఁ గీడు చేయువానిని గూర్చి. నిరపరాధికి దానిని వర్తింపఁజేయుట యతివ్యాప్తి.

తృతీయపక్షము

కొందఱు జేన్‌వేను విడిచి రచయితలను దప్పుపట్టుదురు. ఈ కథకు వస్తువు ఆండ్రూ షెపర్డ్ ప్రైస్, మార్క్ గేబర్‌మన్‌లది. నాటకీకరణము కెనెత్ బిల్లర్‌ది. దర్శకుఁడు క్లిఫ్ బోల్. ఈ మూఁడవ పక్షమువారి యాక్షేపములు పూర్వకథల నాధారముగాఁ గొన్నవి. 1989 నాఁటి యొక "స్టార్ ట్రెక్" ప్రకరణమున డేటా అను యంత్రపురుషుని విడఁదీసి పరీక్షింపవచ్చునా యను విషయము న్యాయాధికారి యెదుట విచారింపఁబడి, నిర్ణయించుకొను హక్కు వానిదే యని తీర్పు వచ్చినది. యంత్రమునకు లభించిన విచారణ టువిక్స్‌కు లభింపలేదేమి? 1993 నాఁటి మఱియొక ప్రకరణమున నిదే ట్రాన్స్‌పోర్టర్ దోషమువలన రైకర్ అను నధికారి యిరువురైనట్లు చెప్పఁబడినది. అట్లే టువిక్స్‌ను మొదట నిద్దఱిని జేసి యొకనిని విడఁదీయరాదా యని హాస్యముగానో నిజముగానో యడుగుదురు. కాని యిద్దఱైన పిదప విడఁదీయఁబడువాఁడు నట్లే మొఱవెట్టఁడా? ఉపాయము సంఖ్యను మార్చును కాని ప్రశ్నను మార్చదు.

నౌకాజనుల మౌన మనౌచిత్యమని మఱియొక యాక్షేపము. అన్యాయమును సహింపని వారిగాఁ బదులకొలఁది ప్రకరణములలోఁ జిత్రింపఁబడినవారు ఒక్క మాటయైన నాడకుండుట పాత్రౌచిత్యభంగమని వా రందురు. నాకు భిన్నాభిప్రాయము కలదు. ద్రౌపది ప్రశ్న యడిగినపుడు కురుసభలో వృద్ధులు మౌనము వహించిరి. అది కవి మఱపు కాదు, కథకు ప్రాణము. మిత్రుల నిరువుర మరలఁ జూడఁగోరువారు, ఎదుట వేడుచున్నవాని ముఖమును జూడలేక తలవంచుట లోకస్వభావమే. కెస్ కన్నీటికిని వారి మౌనమునకును మూల మొక్కటి.

ఈ తెగకుఁ జెందిన కథ లీ మాలికలో మఱి రెండు కలవు. 1966 నాఁటి "ది ఎనిమీ వితిన్" అను ప్రకరణమున కెప్టెన్ కిర్క్ ఇరువురుగాఁ జీలఁగా, మరలఁ గలియుటకు నందొకఁడు భయపడి తాను బ్రదుకవలెనని రోదించును. 2003 నాఁటి "సిమిలిట్యూడ్" అను ప్రకరణమున గాయపడిన యొక యధికారికై వానివంటి మూర్తిని బెంచి, తుదకు వాని ప్రాణమే కోరవలసి వచ్చును. కాని యా మూర్తి తానై యొప్పుకొనును. మొదటిదానిలోఁ గలయిక స్వస్థత గాన చూచువారికి నూఱట కలదు; రెండవదానిలో సమ్మతి గాన నూఱట కలదు. టువిక్స్ కథలో నీ రెండూఱటలును లేవు. వివాద మిచటనే రగులుటకు నిదియే హేతువు.

విమర్శ

ఇఁక సిద్ధాంతము. జేన్‌వే చేఁతను న్యాయ మనుటకు నేను సాహసింపను. ఎదుట లేనివారి పక్షమునఁ బలుకుట యధిపతి ధర్మమే. కాని పలుకువారును దీర్పు చెప్పువారును ఆజ్ఞను నెఱవేర్చువారును ఒక్కరే యగుట న్యాయము కాదు. ఎదుట నున్నవాని పక్షమునఁ బలుకుట కెవ్వరును నియమింపఁబడలేదు. సమయాభావ మను సాకును లేదు. నౌక డెబ్బదియైదేండ్ల ప్రయాణములో నున్నది. తీర్పు సరియైనదో కాదో యనుటకంటె, తీర్పునకు ముందు జరుగవలసినది జరుగలే దనుట నిస్సంశయము.

అయినను నటులను గూర్చిన యొక లౌకికవిషయమును మఱవరాదు. టువోక్ పాత్రధారి టిమ్ రస్‌యు, నీలిక్స్ పాత్రధారి ఈతన్ ఫిలిప్స్‌యు మాలికకు నిత్యపాత్రలు. టువిక్స్‌గా నటించిన టామ్ రైట్ ఒక్క ప్రకరణమునకు వచ్చిన యతిథి. ప్రకరణాంతమున సర్వము యథాపూర్వము కావలె ననుట నాఁటి టెలివిజన్ కథలకుఁ గవిసమయము వంటిది. తక్కిన కథలలో నా సమయము మనకుఁ గానరాదు. గాయములు మానును, నౌక సాఁగిపోవును. ఈ కథలో మాత్రము యథాపూర్వస్థితికి వెల యెంతయో కథయే చెప్పినది. నిత్యపాత్రలకై యతిథిపాత్రను దొలఁగించు నలవాటునకు ముఖమును, కంఠమును ఇచ్చి, "నన్నేల?" అని యడిగించినది. ప్రేక్షకులు రెండు మండలములుగాఁ బ్రేమించినవారిని గోరుకొనిరి, కోరిక తీఱినది, తీఱినందుకు సిగ్గుపడిరి. ఇన్నేండ్ల వాదమున సగము జేన్‌వేను గూర్చినది కాదు, తమ పక్షపాతమును గూర్చినది.

మాలిక యీ ప్రశ్నను మరల విచారణకుఁ దీసికొనలేదు. టువోక్, నీలిక్స్‌లకుఁ దమ జీవనమునకుఁ జెల్లింపఁబడిన వెల యెట్లు తోఁచెనో యెవ్వరును జూపలేదు. ఇది నిజమైన లోపము. 2023లో "లోయర్ డెక్స్" అను హాస్యమాలిక, "టువిక్స్" పేరునే చమత్కరించిన యొక ప్రకరణమున, ఇట్టి సమ్మేళనములను మరలఁ గల్పించి, జేన్‌వే చేఁతను బ్రస్తావించి నవ్వించినది. తుదకుఁ గలిసినవారందఱు చైతన్యము లేని ముద్ద యగుటచే విడఁదీయుట కడ్డు లేకపోయినది. ఇరువదియేడేండ్ల పిమ్మటఁగూడ సమస్యను బరిష్కరింపలేక, తప్పించుకొనుటయే గతి యయ్యెనన్న మాట.

బేతాళప్రశ్నకు విక్రమార్కుఁ డుత్తరము చెప్పినంతనే శవము మరలఁ జెట్టెక్కును. ఉత్తరము సరియైనంతమాత్రమున భారము దిగదు. టువిక్స్ వాదమును నట్టిదే. దీనిని బాఠశాలలలోఁ దర్కము నేర్చు విద్యార్థుల యెదుట నుంచినచో, పక్షము, హేతువు, దృష్టాంతము, వ్యభిచారము అను పదములు పుస్తకమునుండి లేచి వారి నోటికి వచ్చును. ఏ పక్షమును బూనినను, టువిక్స్ వేడుకొన్న మాటలకు బదులు చెప్పక తప్పించుకొను వాదమును మాత్రము వాదముగా నంగీకరింపరాదు.